తాళం తిప్పిందెవరు

ఇంజన్‌లో రాడ్డు వంగిందా? వంగడమేనా, విరగలేదా? సరిగ్గా చూశారా మెకానిక్ గారూ? ఇంకోసారి లైటు వేసి చూడండి. నాకేం తొందర లేదు.

అబ్బే, విరగాలని కోరుకోవడం కాదండీ... సరే, కోరుకున్నాననే అనుకోండి. ఈ ఇంజన్ ఇక పనికిరాదు, తీసి పారేయండి అని మీరంటారేమోనని పొద్దున్నుంచీ ఈ పాత టైరు మీద కూర్చుని ఎదురుచూస్తున్నాను. మీరేమో దింపుదాం, విప్పుదాం, బాగవుతుంది అంటున్నారు. అచ్చం మా ఇంట్లోవాళ్ళలాగే!

ఈ కారు ఎవరిదనుకున్నారు? మా మామయ్యగారిది. జీవితమంతా బస్సు నడిపి, రిటైరయ్యాక కొనుక్కున్నారు. ఎవర్నీ ముట్టుకోనిచ్చేవారు కాదు. నేనోసారి తలుపు కాస్త గట్టిగా వేస్తే "అది కారు తలుపమ్మా, బీరువా కాదు" అన్నారు. అప్పట్నుంచీ నేను దిగాక తలుపు జోలికే పోను. ఎవరో ఒకరు వచ్చి వేస్తారు, మహారాణికి వేసినట్టు. హాయిగా ఉంటుందనుకునేరు! ఒళ్ళు మండిపోతుంది.

డ్రైవింగ్ నేర్పమని నేనూ అడిగానండీ. "నీకెందుకమ్మా, అసలే కంగారు మనిషివి" అన్నారు. తర్వాత మా మరిదికి పెళ్ళయింది, తోడికోడలు వచ్చింది. అది అడగనైనా అడగలేదు. ఆయనే పిలిచి తాళం చేతిలో పెట్టారు! రోజూ పొద్దున్నే మైదానానికి తీసుకెళ్ళి నేర్పించారు. తిరిగొచ్చాక ఇద్దరికీ టీ పెట్టి ఇచ్చిందెవరు? ఇంకెవరు!

నవ్వకండి. మీకు తోడికోడళ్ళు ఉండరు కాబట్టి తెలీదు.

పోనీ దానిమీద తిన్నగా కోపం తెచ్చుకుందామంటే, అదీ కుదరనివ్వదు. మొన్న అంత వాన పడింది చూశారూ, బస్సులన్నీ ఆగిపోయాయి. నేను పనిచేసే బట్టల షాపు ముందు చెప్పులు చేత్తో పట్టుకుని నిలబడ్డాను. మా ఆయనకి ఫోన్ చేస్తే "ఏదో ఒకటి దొరుకుతుందిలే, ఎక్కి వచ్చేయ్" అన్నారు. అంతే, పెట్టేశారు. కాసేపటికి చూద్దును కదా, ఈ కారు! అందులో అది! "ఎక్కక్కా, ఎంతసేపని తడుస్తావు" అంటోంది. నేను పిలవలేదు. నా మొగుడు రావలసిన చోటికి, పిలవకుండా అది వచ్చింది. సంతోషపడాలా, ఏడవాలా?

రైలు వంతెన కింద నీళ్ళు చేరాయి. ముందు లారీ పోతోంది కదా అని మేమూ వెళ్ళాం. సరిగ్గా మధ్యలో బండి దగ్గినట్టు దగ్గి ఆగిపోయింది. నీళ్ళు నా పాదాల మీదికి వచ్చేశాయి. "స్టార్ట్ చెయ్యవే, చెయ్యవే" అని నేను ఒకటే కేకలు. అదేమో తాళం తీసి గుప్పిట్లో పెట్టుకుంది. "వద్దక్కా, నీళ్ళలో ఆగితే మళ్ళీ తిప్పకూడదు, లోపలికి నీళ్ళుపోయి ఇంజన్ పాడవుతుందని మామయ్యగారు చెప్పారు" అంది. పాఠం అప్పజెప్పినట్టు! ఇద్దరం చేతులు పట్టుకుని మోకాలి లోతు నీళ్ళలో దిగాం. అటుగా వచ్చినవాళ్ళు సాయం పడితే బండిని పైకి తోశాం.

అవునవును, మీరడిగింది అదే. ఆగాక మళ్ళీ ఎవరు తిప్పారని. చెప్తున్నాను, ఉండండి.

ఇంటికి ఫోన్ చేశాం. ఈసారి మా ఆయన పరుగెత్తుకొచ్చారు. నాకోసం కదలని మనిషి, కారు కోసం గొడుగైనా లేకుండా వచ్చారండీ! "జరగండి, ఆడవాళ్ళకేం తెలుసు" అని తాళం లాక్కున్నారు. "వద్దు బావగారూ, వద్దు బావగారూ" అని అది అంటూనే ఉంది. ఒకసారి తిప్పారు. కదల్లేదు. ఇంకోసారి తిప్పారు. లోపల టంగుమని చప్పుడు.

ఇంటికెళ్ళాక ఏమైందని మామయ్యగారు అడిగారు. మా ఆయన గోడగడియారం వంక చూస్తూ నిలబడ్డారు. నేను నోరు తెరిచేలోపే అది అందుకుంది. "నీళ్ళలోకి పోనిచ్చింది నేనే మామయ్యగారూ, తప్పు నాదే" అంది. అబద్ధమా అంటే కాదు. నిజమా అంటే అదీ కాదు. ఆయనేమన్నారో తెలుసా? "పోనీలే తల్లీ, ఇనుమే కదా. మీరు క్షేమంగా వచ్చారు, అదే చాలు." ఇనుమట! నేను తలుపు వేసిననాడు మాత్రం బంగారం!

ఇప్పుడు అది జ్వరమొచ్చి పడుకుంది. మామయ్యగారు స్వయంగా వేడినీళ్ళు కాచి ఇస్తున్నారు. నేనూ అదే వానలో తడిశాను కదండీ, నాకొక్క తుమ్మైనా రాదే! మా ఆయనకేమో ఉన్నట్టుండి ఆఫీసులో పని పడింది. అందుకే ఇక్కడికి నన్ను తోలారు.

ఏంటీ? మామయ్యగారు మీకు ఫోన్ చేశారా? ఇంజన్ ఎలా పాడైందో కనుక్కుని చెప్పమన్నారా? అంటే ఆయనకి అనుమానం వచ్చిందన్నమాట. తను అంతగా చెప్పినా అది మర్చిపోయి తాళం తిప్పిందేమోనని.

చూశారా, ఎంత బాగా కుదిరిందో! ఎలా పాడైందో తెలీదని మీరంటే చాలు. ఆ తాళం దాని చేతిలోంచి పోతుంది. మా ఆయన పరువు నిలుస్తుంది. నేను అబద్ధం ఆడక్కర్లేదు కూడా, ఊరికే కూర్చుంటే చాలు.

కానీ అంత వానలో నాకోసం వచ్చిందండీ. అదే నా ఖర్మ.

ఇలా ఇవ్వండి ఫోను. మీరొద్దు, నేనే చెప్తాను.

"మామయ్యగారూ, నేను, పెద్దకోడల్ని. షెడ్డు నుంచే. బండి ఆగాక తాళం తిప్పింది చిన్నది కాదండీ. మీ పెద్దబ్బాయి. అవును, పక్కనే ఉన్నాను, కళ్ళారా చూశాను. అది వద్దంటూనే ఉంది... ఆఁ... ఆఁ... అలాగేనండీ."

పెట్టేశారు.

ఏమన్నారా? కొడుకుని నాలుగు తిడతారనుకున్నాను. నన్ను... పోనీ, మంచిపని చేశావమ్మా అంటారేమోనని... ఛ, ఎందుకులెండి. "చూశావా, ఎంత పెద్ద మనసో ఆ పిల్లది! బావగారి మీద ఒక్క మాట పడనివ్వలేదు" అని ఒకటే మురిసిపోయారండీ. చెప్పింది నేను. మెచ్చుకుంది చెప్పనిదాన్ని!

ఇంకేం చేస్తాం. దింపండి ఇంజన్. బాగుచెయ్యండి, ఎన్నాళ్ళయినా పట్టనివ్వండి.

వచ్చేటప్పుడు దాని జ్వరానికి మాత్రలు తెమ్మన్నారు. ఇక్కడ మందుల షాపు ఎటువైపండీ?