జీపు అన్నకి, దోవ తమ్ముడికి

(దర్శిలో అష్రఫ్ మెకానిక్ షెడ్డు. బుల్లయ్య జీపు జాకీల మీద ఉంది.)

“ఒరేయ్ అష్రఫ్, ఈ గొట్టం పెట్టమంది ఎవర్రా?”

“పెట్టాలి బాబాయ్. వాగులో దింపే జీపుకి ఇది లేకపోతే ఎట్టా? ఇంజను గాలి పీల్చేది దీంతోనే. నీళ్లు బానెట్టు మీదికొచ్చినా ఇంజనుకి ఏం కాదు.”

“మరి నాకు?”

“మీకేంటి?”

“నీళ్లు బానెట్టు మీదికొస్తే నేనెక్కడుంటాను?”

“సీట్లో.”

“సీటెక్కడుంటది?”

“అందుకేగా బాబాయ్ ఎత్తు పెంచుతోంది! ముందు ఈ టైర్లు చూడండి. బురద టైర్లు. గొర్రు పళ్లలాగా ఎట్టా ఉన్నాయో!”

“మా ఆవిడ నిన్న చూసిపోయింది. దీన్లోకి ఎక్కాలంటే నిచ్చెన వెయ్యాలంది.”

“పక్కన మెట్టు పెడతాలే.”

“నేను నిన్నడిగింది ఒక్కటేరా. ఫోర్‌వీల్ గేరు పడట్లేదు, బాగు చెయ్యమన్నాను. ఒక్క గేరు. నువ్వేమో బాడీ పీకావు, ఇంజను దించావు, డోర్లు ఊడబెరికావు...”

“గేరు ఒక్కటే ఏం చేస్తది బాబాయ్? సాగర్ నీళ్లు వదిలినప్పట్నుంచి మీ వాగులో నల్లరేగడి పాయసమైపోయింది. మొన్న గేదె దిగితే తాళ్లు కట్టి పదిమంది లాగారు. గేదెకి నాలుగు కాళ్లూ పనిచేస్తాయిగా? అది కూడా ఫోర్‌వీలే.”

“నోర్ముయ్.”

“సరే.”

“ఇంత సామాను దించుతున్నావు, డబ్బుల మాటేంది?”

“తర్వాత చూద్దాం బాబాయ్.”

“మెకానిక్ నోటెంట ‘తర్వాత చూద్దాం’ అన్న మాట వినడం నా జన్మలో ఇదే మొదలు. ఒరేయ్, ఆ మూల ఇంకో జీపుంది, ఎవరిది?”

“అది మీదే.”

“నాదా?”

“మీ పాత సామానే బాబాయ్. విప్పింది విప్పినట్టు అక్కడ పెడుతున్నా. ఓపికుండి బిగిస్తే ఇంకో జీపు అవుతది.”

“మరి జాకీల మీదున్నది?”

“అదీ మీదే. బాబాయ్, ఒక మాట అడుగుతా, కోప్పడొద్దు. మీ పొలానికి రాచబాటలాంటి దోవుంది. వాగు మీద కల్వర్టుంది. కంకర తోలారు. కళ్లు మూసుకుని స్కూటరు మీద పోవచ్చు. ఈ వాగులో దిగే ఖర్మ దేనికి?”

“ఆ దోవ బాలుగాడిది.”

“మీ తమ్ముడే కదా!”

“అందుకేరా! పరాయోడైతే అడిగేవాణ్ణి.”

“అసలవేం పంపకాలండీ?”

“నాన్న పోయాక పెద్దమనుషులు చేశారు. పొలం చెరిసగం. అక్కడిదాకా బానే ఉంది. మిగిలినవి కూడా సమానంగా పంచాలని కూర్చున్నారు. జీపు పెద్దోడికన్నారు. దోవ చిన్నోడికన్నారు. ఆడపడుచుని ఉత్త చేతుల్తో పంపకూడదని గట్టు మీద వేపచెట్టు మా అక్కకన్నారు.”

“అంటే జీపున్నోడికి దోవ లేదు. దోవున్నోడికి జీపు లేదు.”

“సమానమేగా మరి?”

“ఎవరండీ ఆ పెద్దమనుషులు?”

“ఇద్దరు పోయారు. ఒకాయనున్నాడు గానీ, నన్ను గుర్తుపట్టట్లేదు.”

“పోనీ, జీపూ దోవా ఇద్దరూ కలిపి వాడుకుందామనుకుంటే పోయేదిగా?”

“అనుకునేవాళ్లమే. వాడే ముందు నోరు జారాడు. ‘దోవ లేని జీపు కోళ్లగూడుకి పనికొస్తది’ అన్నాడు, అందరి ముందూ. నేనూరుకుంటానా? నీ దోవలో అడుగుపెడితే నాన్న మీద ఒట్టన్నాను. నాన్న జీపు ముట్టుకుంటే నాన్న మీద ఒట్టని వాడన్నాడు. అంతే. అప్పట్నుంచి మాటల్లేవు.”

“ఇద్దరూ ఆయన మీదేనా? పోయినాయన్ని పట్టుకుని...”

“బతికున్నోళ్ల మీద వేస్తే ప్రమాదం కదరా.”

“ఇన్నాళ్లూ మరి మిరపకాయ ఎట్టా తోలుకున్నారు?”

“ఎండాకాలం వాగు ఎండిపోయేది, అడ్డంగా బండి కట్టుకుని పోయేవాణ్ణి. ఈసారి నీళ్లు వదిలారు. ఇప్పుడు నా మిరపకాయంతా వాగవతల కల్లంలో ఆరబోసి ఉంది. ఆదివారం నుంచి వానలంట, టీవీలో చెప్పాడు. ఒక్క జల్లు పడిందా, ఎర్రగా నిగనిగలాడే కాయంతా తెల్లబోయి తాలైపోద్ది. ఇక గుంటూరు యార్డుకి కాదు, పెంటకుప్పకి తోలుకోవాలి. ఏడాది కష్టంరా. రాత్రిళ్లు నిద్ర పట్టట్లేదు, భయమేస్తంది.”

“ట్రాక్టరు మాట్లాడుకుంటే?”

“వాన మాట వినగానే ఎవడి ట్రాక్టరుతో వాడు సొంత కాయ తోలుకుంటున్నాడు. ఒకవేళ దొరికినా, గాల్లో ఎగిరొస్తదా? ఆ దోవలోనే రావాలి. నా కాయ వాడి దోవలో పోతే నేను పోయినట్టే.”

“ఉండండి, ఫోను. ఆఁ, చెప్పండి... టైర్లయిపోయాయండి... ఇంజను నిన్ననే దించా... ఆఁ? సీట్లు కూడానా? ...స్టీరింగు కూడానా? ...సరే సరే. ఉంటానండి.”

“ఎవర్రా?”

“స్పేర్‌పార్టులాయన. ఒంగోలు.”

“ఒంగోలాయనకి నా సీట్లతో పనేంది?”

“ఆఫరుందంట. బాబాయ్, ఈ సీట్లు తీసేద్దాం.”

“నాన్న కూర్చున్న సీటురా అది!”

“వాగులో తడిస్తే కుళ్లిపోద్ది. కొత్త రెగ్జిను సీటు వేస్తా. అట్టాగే స్టీరింగు కూడా...”

“దానికేం రోగం? గుండ్రంగానే ఉందిగా?”

“గుండ్రంగానే ఉంది బాబాయ్. కానీ పాత గుండ్రం.”

“ఆ బోల్టులు? అవెందుకు మారుస్తున్నావు?”

“తుప్పు.”

“తళతళా మెరుస్తున్నాయిరా!”

“లోపల తుప్పు బాబాయ్. పైకి కనపడదు. ఇక మిగిలింది ఈ హారను...”

“చెయ్యి తియ్! హారను జోలికొచ్చావంటే షెడ్డు తగలబెడతా.”

“ఉబ్బసమొచ్చిన ముసలాయన దగ్గినట్టుంది బాబాయ్ దాని మోత.”

“దగ్గనీ. నాన్న కల్వర్టు దగ్గర ఆ హారను కొడితే ఇంట్లో మా అమ్మ అన్నం వార్చేది. మేమిద్దరం పలకలు పడేసి పరిగెత్తేవాళ్లం, ఎవడు ముందు జీపెక్కుతాడా అని. ఎప్పుడూ ఆ బాలుగాడే... ఎందుకులే ఇప్పుడవన్నీ. హారను ఉండాలి. అంతే.”

“ఒక్కసారి ఫోన్ చేసి కనుక్కుంటా బాబాయ్.”

“నా హారను ఉంచాలో తీసెయ్యాలో ఒంగోలాయన్ని కనుక్కునేదేందిరా!”

“సరే సరే, ఉంచుతా. కోప్పడకండి. ఇటు చూడండి, బంపరు మీద ఈ మోటారు. దీన్ని విన్చి అంటారు. దీనికి ఉక్కుతాడు చుట్టి ఉంటది. ఎక్కడన్నా దిగబడితే తాడు లాగి, అవతలున్న చెట్టుకి కొక్కెం తగిలించి, మీట నొక్కడమే. జీపు తన్ని తానే లాక్కుంటది.”

“ఆ వేప తప్ప అవతల చెట్టేదిరా? కనుచూపుమేరా మిరప, పత్తి. మిరపచెట్టుకి కడతావా?”

“ముందు దిగబడనివ్వండి బాబాయ్. తర్వాత చూద్దాం.”

(శనివారం మధ్యాహ్నం. వాగు మధ్యలో జీపు. లోపల బుల్లయ్య, అష్రఫ్. అవతలి గట్టు మీద, వేపచెట్టు కింద బాలు.)

“నాలుగు చక్రాలూ తిరుగుతున్నాయి బాబాయ్! నాలుగూ!”

“తిరుగుతున్నాయి సరే. పోతున్నాయా?”

“పోతున్నాయి.”

“ఎటు?”

“కిందికి.”

“ఓరి నీ... తూర్పున మబ్బు చూడరా, ఎట్టా కమ్ముకొస్తందో. ఆదివారమన్నారు, ఇయ్యాలే వచ్చేట్టుంది. ఒరేయ్, నా కాయ!”

“గట్టు మీద ఎవరో ఉన్నారు బాబాయ్.”

“నేనటు చూడను.”

“మీ తమ్ముడండీ.”

“అందుకే చూడట్లేదు.”

“అష్రఫూ! ఊరికే రేజు చెయ్యొద్దని మీ బాబాయితో చెప్పు! ఇంకా దిగబడతది!”

“బాబాయ్, రేజు చెయ్యొద్దంట.”

“నాకు చెవుడు లేదు. నా జీపు సంగతి నాకు తెలుసని వాడితో చెప్పు.”

“బాలు గారూ, ఆయన జీపు సంగతి ఆయనకి...”

“వినపడింది. తెలిసినోడు వాగులో ఎందుకు కూర్చున్నాడో అడుగు.”

“బాబాయ్, మీరు వాగులో...”

“గాలికొచ్చానని చెప్పు!”

“ఇద్దరికీ వినపడతానే ఉందిగా, మధ్యలో నేనెందుకండీ?”

“నువ్వు చెప్పు!”

“నువ్వు చెప్పు!”

“చూశారా, ఈ ముక్క మాత్రం ఇద్దరూ కలిసే అన్నారు. బాబాయ్, నేను తాడు లాగుతున్నా. ఈ చుట్టుపక్కల చెట్టు అదొక్కటే.”

“వాడి గట్టు మీదది. వద్దు.”

“చెట్టు నాది కాదని చెప్పు అష్రఫూ. చెట్టు అక్కది. నీడ మాత్రం నేను వాడుకుంటున్నా.”

“అక్కదైతే అక్కనడగాలి. అక్కతో కూడా మాటల్లేవు.”

“ఆమెతో ఎందుకు బాబాయ్?”

“పంపకాల్లో చెట్టిస్తారా అని ఆమే మానేసింది.”

“నేను పొద్దున్నే అక్కకి ఫోన్ చేశానని చెప్పు అష్రఫూ. కట్టుకోమంది. బెరడు ఊడకుండా గోతం చుట్టి కట్టమంది. ఇదిగో, గోతం కూడా తెచ్చా.”

“పొద్దున్నే ఎందుకు చేశాడో అడగరా. నేను దిగబడింది ఇప్పుడేగా?”

“ఈ వాగులో దిగబడటానికి ముహూర్తం కావాలా? కొక్కెం ఇటు విసురు. ఆగు ఆగు, కొక్కెం కొత్తదేనా?”

“కొత్తదే బాలు గారూ.”

“అయితే విసురు... ఆఁ, కట్టేశా. నొక్కు మీట!”

“పట్టుకోండి బాబాయ్! వస్తంది... వస్తంది... ముందు చక్రం గట్టెక్కింది!”

“ఆపు! ఆపరా! గట్టెక్కితే వాడి దోవలో పడతాం. ఒట్టుంది!”

“మీ బాబాయిని ఒక్కసారి తలెత్తి ఇటు చూడమను అష్రఫూ. దోవెక్కడుందో చూపించమను.”

“బాబాయ్, చూడండి.”

“ఏంది చూసేది? ఈ గట్టు, ఆ గట్టు... ఒరేయ్. దోవేది? కంకరేది?”

“దున్నేశాను. మొన్న.”

“నాన్న వేసిన దోవ దున్నేశావా! నీకేం పోయేకాలంరా బాలూ!”

“బాబాయ్, మీరు నేరుగా మాట్లాడేశారు.”

“తిడుతున్నానురా! తిట్టడం మాట్లాడటం కింద రాదు!”

“కంకర ఎత్తి పక్కన పోశాను. అడ్డంగా ఒకసారి, నిలువుగా ఒకసారి దున్నాను. ఇప్పుడది దోవ కాదు, చేను. నా చేలో అడుగు పెట్టనని నువ్వేమన్నా ఒట్టేశావా?”

“...లేదు.”

“మరి రా.”

“నీ కాయ కూడా కల్లంలోనే ఉందిగా! దోవ దున్నుకుంటే నీదెట్టా తోలుకుంటావు? ఈ దుక్కిలో ఆటో రాదు, లారీ రాదు. చినుకు పడితే నీదీ తాలేగా! బుర్రుందా నీకు?”

“జీపొస్తదిగా. బురద టైర్లు, ఫోర్‌వీలు.”

“జీపు ముట్టనని ఒట్టేశావు!”

“నాన్న జీపు ముట్టనన్నాను. అష్రఫూ, ఇందులో నాన్నదేముంది?”

“ఏం లేదండీ. ఇంజను, బాడీ, సీట్లు, స్టీరింగు, బోల్టులతో సహా మార్చేశా. మీరు ఫోన్లో చెప్పినట్టే.”

“ఫోన్లోనా? ఒరేయ్ అష్రఫ్... ఒంగోలు స్పేర్‌పార్టులాయన?”

“ఆయనే ఈయన బాబాయ్. సామాను డబ్బులూ ఈయనవే.”

“నువ్వు వాగులో దిగబోతున్నావని అష్రఫ్ చెప్పాడన్నయ్యా. గొట్టం పెడుతున్నా, నీళ్లు ఎంత లోతొచ్చినా ఇంజనుకి ఏం కాదన్నాడు. నీకు ఈత రాదుగా అన్నయ్యా. నాకా రోజంతా అన్నం సయించలేదు.”



“బాబాయ్, చినుకు.”

“తెలుసురా! ఆ కళ్లజోడు తుడుచుకోనీ. ఒరేయ్ బాలూ, ఏంది చూస్తా నిలబడ్డావు? ముందు నీ కాయ ఎత్తుదాం, దగ్గరుంది. తర్వాత నాది. పట్టా ఉందా? ఎక్కు, ఎక్కరా!”

“ఆగండి బాలు గారూ. అబద్ధం ఎందుకు, ఒక్కటి మిగిలింది. బాబాయ్ షెడ్డు తగలబెడతానన్నాడు, నేను మార్చలేదు. హారను పాతదే.”

“నాన్నదేనా?”

“నాన్నదే.”

“అయితే ఒట్టంతా దాని మీదే మిగిలింది. నేను ముట్టకూడదు. నువ్వు కొట్టన్నయ్యా, ఒక్కసారి.”