చిన్న సప్పుడు గూడా ఇనపడాల

ప్రొద్దుటూరు మైదుకూరు రోడ్డులో అక్రమ్ సెల్‌ఫోన్ సామాన్ల అంగడి. శుక్రవారం, జుమ్మా నమాజుకు ముందు. వల్లూరు నుంచి బస్సులో వచ్చిన రైతు ఆదినారాయణ చెవిలో పాత ఇయర్‌ఫోన్ తీయకుండానే బేరానికి నిలబడ్డాడు.

“ముందు ఆ చెవిలో ఉండేది తీయి మామా. కొత్తది పెట్టి చూపిస్తా.”

“తీయను.”

“తీయకుంటే యెట్ల తెలుస్తాది, బాగుండాదో లేదో?”

“ఈ పక్క చెవికి పెట్టు. ఆ చెవి పనిలో ఉండాది.”

“చెవికి పనేంది మామా! సరే, నీ ఇష్టం. ఇదో, ఇది చూడు. మెడలో ఏసుకునేది. ఇప్పుడు పిల్లోళ్లంతా ఇదే అడుగుతాండారు.”

“చార్జింగుదా?”

“ఆ. ఒకసారి పెడితే పొద్దంతా వస్తాది.”

“వద్దు. నడిమధ్యలో ఆగిపోయిందనుకో, ఏం చెయ్యాల? వైరుదే ఇయ్యి. వైరుకు చావు లేదు.”

“నీ చెవిలో ఉండేది వైరుదే గదా. దానికి యాడ చూసినా ప్లాస్టరే. చావు లేదంట!”

“దానికే గదా వచ్చింది. ఒక పక్క పూర్తిగా పోయింది. ఇంగో పక్క మూలుగుతాండాది.”

“ఏదీ, ఇట్ల తిరుగు... అబ్బా, ఏంది మామా, చెవి పుండు పడిండాది! ఎంతసేపు పెట్టుకుంటావు దీన్ని?”

“తీసేదే లేదు. తిండికాడ గూడా.”

“పండుకునేటప్పుడు?”

“పండుకునేటప్పుడే గదా ముఖ్యం.”

“అట్లయితే లోపలికి దూర్చేది నీకు పనికిరాదు. చెవి మీద మెత్తగా కూర్చునేది కావాల. ఇదో, ఈ దిండు పట్టుకోని చూడు.”

“రెగ్జినా?”

“రెగ్జినే. మెత్తగా లేదా?”

“మెత్తగుంటే సరా? మన ఎండకు చెమట పట్టి జారిపోతాది. పసుపు చేన్లో నీళ్లు కట్టేటోన్ని, ఏసీ రూములో కూర్చునేటోన్ని కాదు.”

“గుడ్డది ఉండాది. తేలిక. నెత్తి మీద అంత బిగువు గూడా ఉండదు.”

“తలగుడ్డ మీద పెట్టుకోవచ్చా?”

“పెట్టుకోవచ్చు. కాకుంటే పక్కకు తిరిగి పండుకుంటే ఒత్తుకుంటాది. ఎల్లకిల పండుకోవాల.”

“ఎల్లకిల పండుకుంటే నాకు నిద్ర రాదు.”

“మల్ల?”

“రాకుంటేనే మేలు. తియ్యి, అదే తియ్యి.”

“రేటు అడగవా?”

“ఈడికి వచ్చినాక అడిగేదేముంది? మరీ మెడకాయ కోయొద్దు. నాకు కావాల్సింది ఒగటే. చిన్న సప్పుడు గూడా ఇనపడాల. చీమ చిటుక్కుమన్నా ఇనపడాల.”

“ఇనపడతాది. అంత శ్రద్ధగా ఏం ఇంటాండావు మామా? పాటలా, ప్రవచనాలా?”

“నీకెందుకు?”

“అంత కోపమెందుకప్పా! పాటలకు ఒగటి ఉంటాది, ఫోన్లకు ఒగటి ఉంటాది. మాట్లాడేదానికైతే మైకు ఉండేది...”

“మైకు వద్దు. అసలు మైకే ఉండగూడదు.”

“మాట్లాడవా?”

“మాట్లాడను. ఇనేదే.”

“దీనికి మైకు లేకున్నా ఫోన్లో ఉంటాది గదా. మ్యూట్ నొక్కాల.”

“నొక్కే ఉండా. ఆ బొక్క మీద టేపు గూడా ఏసినా. ఒకసారి అయ్యింది చాలు.”

“ఏమయ్యింది?”

“ఏం లే. ఆ గుడ్డది తీస్తావా లేదా?”

“తీస్తాండా. పై అరలో ఉండాది. అది సరేగానీ, ఫోన్లో అవతల ఎవరు మామా?”

“మా ఆడమనిషి. సరోజ. కువైట్లో ఉండాది.”

“అట్ల చెప్పు మల్ల! నేనూ ఆడనే ఉంటి. అరబ్బోళ్ల ఇంట్లో డ్రైవర్ని. ఈ అంగడి ఆ దుడ్లతో పెట్టిందే. అత్త ఏం పని చేస్తాది?”

“ఇంటిపని. నువ్వు ఆడ శానా ఏండ్లుంటివా?”

“శానా ఏండ్లే.”

“అయితే వాళ్ల మాట నీకు తెలుస్తాది.”

“తెలుస్తాది. మాట్లాడతా గూడా. ఎందుకు?”

“ఊరికే అడిగితి. నువ్వు అది తియ్యి.”

“ఇదో, తీసినా. డబ్బా ఇప్పుతాండా. అయితే అత్త ఫోన్ చేసి మాట్లాడకుండా ఏం చేస్తాంది?”

“పని చేసుకుంటాది. ఫోన్ ఆన్ చేసి ఫ్రిడ్జి ఎనకాల పెడతాది, చార్జింగులో. వంటింట్లోనే పండుకుంటాది గూడా. గిన్నెలు తోమేది, కూరగాయలు కోసేది, అంతా ఇనపడతాది నాకు. ఎవురన్నా చెయ్యి చేసుకుంటే తెలియాల గదా. మన ఖాజీపేట సలాం ఉండాడు ఆడ, అబ్దుల్ సలాం. చెప్తే ఉరికి పోతాడు.”

“నువ్వు ఒక్క మాట గూడా మాట్లాడవా ఆమెతో?”

“మొదట్లో మాట్లాడేటోన్ని. ఒకనాడు మా హాసిని, చిన్నపిల్ల గదా, ‘అమ్మా’ అని గట్టిగా అరిసింది. ఆ అరుపు మేడం చెవిన పడింది. పనిలో ఫోనేందని పెరుక్కునింది. ఇప్పుడు ఆమెకాడ ఉండేది సలాం దొంగతనంగా ఇచ్చిన ఫోను. ఇది గూడా పోతే ఇంగేముండాది నాకు?”

“మరి అత్త బాగుండాదని నీకెట్ల తెలిసేది?”

“గాజు ఉండాది చేతికి. మధ్య మధ్యలో ఫ్రిడ్జికి తడతాది. టక్ టక్. నేను బాగుండా అని. పండుకునే ముందర గూడా తడతాది. అది ఇన్నాకనే నేను కండ్లు మూసేది.”

“అబ్బ, మామా!”

“రాత్రి తట్టలే.”

“తట్టలేదా?”

“తట్టే ఉంటాది! ఈ పాడు వైరు. గాజు సప్పుడు పల్చన, దీంట్లో యాడ ఇనపడి సస్తాది? దానికే గదా పొద్దున్నే బస్సెక్కి వచ్చింది. మంచిది కొంటే ఇనపడతాది.”

“అత్తకు ఒంట్లో బాగుండాదా?”

“జరం. మొన్నట్నుంచి ఒగటే దగ్గు. తెల్లార్లూ దగ్గేది, నేను ఇంటాంటి. ఏం చెయ్యాల ఈడ కూర్చోని? నీళ్లన్నా ఇయ్యలేకపోతి. రాత్రి తగ్గింది. దగ్గే లేదు. సరే, మందు పనిచేసింది, నిద్రపోతాంది అనుకున్యా.”

“పొద్దున?”

“పొద్దున గిన్నెల సప్పుడు రాలే. ఈ పొద్దు ఆడ సెలవ గదా, ఇల్లంతా పొద్దెక్కినదాకా పండుకుంటారు. ఆమెకు గూడా ఒక కునుకు దొరికిందిలే అనుకున్యా.”

“సలాంకు ఫోన్ చేసి అడగాల్సింది.”

“దేంతో చేసేది? ఇది పెట్టేస్తే లైను పోతాది. మల్ల ఆమె చేసిందాకా నేను చేయగూడదు, ఆడ మోగుతాది. ఉండు, ఉండు. మల్ల మొదలుపెట్టింది.”

“ఎవరు?”

“మేడం. నేను బస్సు దిగినకాడ్నుంచి ‘సరోజా, సరోజా’ అని ఒగటే అరుపులు. ఆలస్యంగా లేసింటాది, దానికి తిడతాంది. మా ఆమె ఎంత మొండిదంటే, అన్ని తిట్లు తింటా గూడా ఒక్క మాట తిరిగి చెప్పదు.”

“ఒక్క మాట గూడా ఇనపడలేదా?”

“చెప్పినా దీంట్లో ఇనపడదంటి గదా! ఎన్నిసార్లు చెప్పాల నీకు? తొందరగా ఇయ్యి అబ్బీ.”

“ఉండు. ముందు నేను పెట్టి చూస్తా, రెండు పక్కలా వస్తాందో లేదో. ఒకసారి అమ్మినాక వాపసు తీసుకోను నేను.”

“నువ్వొద్దు.”

“ఎందుకు?”

“నీకు వాళ్ల మాట తెలుస్తాది గదా. ఏమేం తిడతాండారో దాన్ని. పరాయోని చెవిన పడాల్నా? స్పీకరు పెడితే చేన్లో నలుగురూ ఇంటారనే గదా ఇన్నాళ్లు చెవి పుండు చేసుకున్యా.”

“నేను పరాయోన్ని యెట్లయితా మామా? నేనూ ఆ తిట్లు తిని వచ్చినోన్నే. మనకు మనకు సిగ్గేంది? ఇట్లియ్యి ఆ ఫోను.”

“లైను తెగకుండా సూడు. మెల్లగ. మెల్లగ పెట్టు ఆ పిన్ను. తెగిందా?”

“తెగలే. వస్తాంది. రెండు పక్కలా బాగా వస్తాంది.”

“ఫ్రిడ్జి మోత ఇనపడతాందా?”

“ఆ.”

“తిట్లు ఒదిలెయ్యి, అవి పట్టించుకోవద్దు. వాటి అడుగున గాజు ఇనపడతాదేమో చూడు. టక్ టక్. శానా పల్చగా.”

“ఉండు మామా.”

“ఇనపడతాందా?”

“మాట్లాడొద్దు. ఒక్క నిమిషం.”

“గాజు లేకుంటే దగ్గన్నా? ఏదన్నా సరే. చీమ చిటుక్కుమన్నా ఇనపడతాదంటివి గదా?”

“సలాం నంబరు చెప్పు మామా. నా ఫోన్‌లో చేస్తా.”

“ఎందుకు? కొడతాందా? చెప్పు అబ్బీ, నీకు దండం పెడతా. కొడతాందా దాన్ని? ఏమని తిడతాంది?”

“తిట్టడం లే మామా. ‘లెయ్యి సరోజా, లెయ్యి’ అని ఏడుస్తాంది.”