చక్రం ఆగేదాకా

లాక్‌డౌన్‌లో ఇంటికి వెళ్లే విమానానికి పేర్ల నమోదు ఐదింటికి ముగుస్తుంది. షార్జా ఇండస్ట్రియల్ ఏరియాలో ఒక కార్మికుడు క్యాంపు డాబా ఎక్కి, ఆ వెబ్‌సైట్ తయారుచేసిన ఆమెకు ఫోన్ చేశాడు.

“మేడమ్, లిస్టుల మా పేర్లు లెవ్వు. పన్నెండు మందివి నేనే నింపిన. ‘అందింది’ అని అచ్చింది.”

“ఫారాలు అందాయండీ. పాస్‌పోర్టు ఫోటోలే రాలేదు.”

“ఫోటో కనవడ్డది గద!”

“అది మీ ఫోన్లో ఉన్న ఫోటోనే. మాకు రావాల్సింది వెనకాల మెల్లగా ఎక్కుతుంది. కింద చిన్న చక్రం ఆగేదాకా పేజీ మూయకూడదు.”

“అందింది అనంగనే మూసి, ఇంకొకరిది తెరిసిన. పన్నెండుసార్లు.”

“తప్పు నాదేనండీ. ఎవరూ ఎదురుచూడక్కర్లేదని, ఫోటో ఎక్కకముందే ‘అందింది’ అని వచ్చేలా నేనే పెట్టాను.”

“మావోళ్లు పరుపులు గూడ పంచిపెట్టిన్రు మేడమ్. పెట్టెలు గట్టుకొని కింద కూసున్నరు.”

“గడువు పెంచమన్నాను, ఒప్పుకోలేదు. ఇంకా ఎనిమిది నిమిషాలుంది. అందరూ తలో ఫోన్లో ఎక్కించండి.”

“పాస్‌పోర్టులు కంపెనీ దగ్గరున్నయి. ఫోటోలన్నీ నా ఒక్క ఫోన్లనే ఉన్నయి. ఈ సిగ్నల్‌కు ఒక్కటే పోతది.”

“అయితే మీది పెట్టండి అన్నా. మీరైనా వెళ్లండి.”

“అందిందని వాళ్లకు చెప్పినోన్ని నేనే మేడమ్. పాణం బాగలేని గంగరాం కాకది పెట్టిన. చక్రం తిరుగుతుంది.”

“మూయకండి.”

“మూయ. మేడమ్… కిందికెల్లి పిలుస్తున్నరు. ఎయిర్‌పోర్టు బస్సు ఎన్ని గంటలకని అడుగుతున్నరు.”