కండక్టరుగారింటి బకెట్టు నీళ్లు

"ఆగు బాబూ, ఆగు! ఆ గ్లాసు కింద పారబొయ్యకు!"

కండక్టరు బాబాయ్ వేసిన కేకకి బ్యాంకాయన చెయ్యి గాల్లోనే ఆగిపోయింది. పాపం, ఆయన బాబాయ్ ఉండే ఎదురు బిల్డింగులోనే పై వాటాలోకి కొత్తగా అద్దెకు దిగాడు. టీ తాగే ముందు గ్లాసెడు మంచినీళ్లు తీసుకుని, సగం తాగి, మిగిలిన సగం అలవాటు కొద్దీ రోడ్డు మీదికి విసరబోయాడు. కరెంటు పోయి అందరూ ఉక్కపోతకి వీధిలోకి వచ్చేసిన సాయంత్రం అది. టీకొట్టు బెంచీ మీద దర్జీ, కండక్టరు బాబాయ్ పక్కపక్కన కూర్చున్నారు. కొట్టు పక్కనే బండి పెట్టుకున్న ఇస్త్రీ ఆవిడ, పెట్టెలో బొగ్గులు రాజేసుకుని తన పని తాను చేసుకుపోతోంది.

"సగం గ్లాసే కదండీ," అన్నాడు బ్యాంకాయన.

"సగం గ్లాసే! విన్నావా దర్జీ, సగం గ్లాసేనట! నాయనా, నువ్వు కొత్తవాడివి కాబట్టి నిన్నేమీ అనను. ముందా నీళ్లు తాగెయ్. తాగావా? ఆ, ఇప్పుడు చెప్తా విను. సిటీ బస్సులో కండక్టరుగా చేసి రిటైరైనవాణ్ణి, గొప్పలు చెప్పుకునే అలవాటు నాకు లేదు, కావాలంటే ఈ దర్జీని అడుగు."

దర్జీకి ఉన్నట్టుండి దగ్గొచ్చింది.

"పాపం, వాడికి గొంతు బాగాలేదులే. నేను చెప్పేది నా గురించి కాదు, మా ఆవిడ గురించి. మొదట్లో ఆవిడ చేసింది చాలా చిన్న పని. ఆకుకూర కడిగిన నీళ్లు సింకులో పొయ్యకుండా ఒక బేసిన్లో పట్టింది. అంతే. ఆ నీళ్లతో హాలు గచ్చు తుడిచింది. తుడవగా మిగిలినవి తీసుకెళ్లి బాల్కనీలో కుండీలకి పోసింది. సబ్బు నీళ్లయితే బాత్రూము కడగడానికి వేరే బకెట్టు. ఏ నీళ్లు దేనికో ఆవిడకి తెలుసు."

"ఇందులో ఏముంది బాబాయ్? మా అమ్మ కూడా చేసేది," అన్నాడు బ్యాంకాయన.

"చేస్తారు నాయనా, అందరూ చేస్తారు, అక్కడే ఆగిపోతారు! మా ఆవిడ ఆగలేదు. రోజూ అదే వేళకి, అదే దారిలో, వంటింట్లోంచి హాల్లోకి, హాల్లోంచి బాల్కనీలోకి. మా బస్సు కూడా అంత టైముకి నడవలేదంటే చూసుకో. అలా తిరిగి తిరిగి ఏమైందో తెలుసా? నీళ్లకి దారి అలవాటైపోయింది!"

"నీళ్లకా?"

"నీళ్లకే! ఒకరోజు పొద్దున నేను కుర్చీలో కూర్చుని పేపరు చదువుకుంటున్నా. మా ఆవిడ పక్క వాటాలోకి కబుర్లు చెప్పడానికి వెళ్లి ఆలస్యం చేసింది. వంటింట్లో బేసిన్లో ఆకుకూర నీళ్లు ఉన్నాయి. కాసేపు చూశాయి. ఆవిడ రాలేదు. ఇంకాసేపు చూశాయి. ఊహూ. ఇక లాభం లేదనుకుని బేసిన్లోంచి అవే దిగాయి. చప్పుడు లేకుండా హాల్లోకి వచ్చి, ఈ మూల నుంచి ఆ మూల దాకా, బీరువా కింద కూడా వదలకుండా తుడుచుకుంటూ నా కుర్చీ దాకా వచ్చి ఆగిపోయాయి. ఎందుకాగాయో చెప్పు?"

"ఎందుకు?" అన్నాడు టీకొట్టు మామ, టీ వడపోయడం ఆపేసి.

"నన్ను కాళ్లెత్తమని! ఎత్తాను. కింద తుడుచుకుని బాల్కనీలోకి వెళ్లి కుండీల్లో ఇంకిపోయాయి. అదిరా మామా క్రమశిక్షణంటే."

బ్యాంకాయన నవ్వు ఆపుకోలేక బెంచీ మీద కొంచెం దగ్గరగా జరిగాడు. "ఇంకా చెప్పండి బాబాయ్."

"ఇంకానా? సంచీ సంగతి చెప్పనా? కూరలకి వెళ్లిన ప్రతిసారీ ప్లాస్టిక్ కవర్లు ఇంటికి తేవడం మా ఆవిడకి గిట్టదు. నేను రిటైరయ్యాక నా ఖాకీ ప్యాంట్లు దండేనికి ఊరికే వేలాడుతున్నాయి కదా, వాటిని విప్పి ఇదిగో, ఈ దర్జీ చేతే ఒక సంచీ కుట్టించింది. నువ్వే కుట్టావా లేదా?"

"కుట్టాను," అన్నాడు దర్జీ. "అదొక్కటీ నిజం."

"విన్నారుగా! అయితే ఏ గుడ్డకి ఏ గుణం ఉంటుందో కుట్టినవాడికి కూడా తెలియదు. అది కండక్టరు ప్యాంటు! సర్వీసంతా నా ఒంటి మీద ఉండి, 'జరగండి, ముందుకి జరగండి, లోపల బోలెడు ఖాళీ ఉంది' అన్న మాట విని విని దానికి బుర్రలో నాటుకుపోయింది. మా ఆవిడ దాంట్లో బంగాళాదుంపలు వేసింది, పట్టాయి. గుమ్మడికాయ వేసింది, పట్టింది. క్యాబేజీలు, సొరకాయలు, సబ్బులు, చీపురు, అన్నీ పట్టాయి. నిండదే! వంగి లోపలికి చెవి పెట్టి వింటే సన్నగా వినిపిస్తోంది, 'సొరకాయగారూ, కొంచెం సర్దుకోండి, టమాటాలమ్మగారు నిలబడి ఉన్నారు' అని!"

టీకొట్టు మామ పొట్ట పట్టుకుని నవ్వాడు. ఇస్త్రీ ఆవిడ కూడా తలెత్తకుండానే చిన్నగా నవ్వింది.

"నవ్వండి, నవ్వండి. ఆ సంచీలో ఒకసారి పక్కింటావిడ కూరలు కూడా తెచ్చాం, ఆ వెనకింటావిడవీ తెచ్చాం. చివరికి కూరలాయన తోపుడుబండినే ఎత్తి అందులో పెట్టుకుని, 'ఎండగా ఉందమ్మా, మా ఇంటి దగ్గర దింపెయ్' అన్నాడు. దింపాం! స్టాపు రాగానే సంచీయే ఈల వేసింది."

"బాబాయ్, మరీ తోపుడుబండా?"

"చిన్న బండేలే. ఎక్కువ చెప్పడం నాకిష్టం ఉండదు. అసలు కరెంటు సంగతికొస్తే మీరు తట్టుకోలేరు. గదిలోంచి బయటికొచ్చేటప్పుడు లైటు, ఫ్యాను ఆపి రావాలి. అన్నం వండేటప్పుడు మూత పెట్టాలి. ఫ్రిజ్జు తలుపు తీసి దాని ముందు నిలబడి ఆలోచించకూడదు, ఏం కావాలో ముందే ఆలోచించుకుని తియ్యాలి. ఇవీ మా ఇంట్లో చట్టాలు. మా ఆవిడ కళ్లు ఉరిమితే ఇంట్లో వస్తువులన్నీ హడల్. ఇప్పుడు నేను ఫ్యాను కింద కునుకు తీస్తున్నాననుకో, ఆ ఫ్యాను కాస్త కిందికి వంగి, నేను నిజంగా ఇక్కడే ఉన్నానా, లేచి వెళ్లిపోయానా అని తొంగి చూస్తుంది. నేను పెరుగు కోసం వెళ్లి ఫ్రిజ్జు తలుపు మీద చెయ్యేస్తే, 'ఏం కావాలి?' అని అడుగుతుంది. తడబడ్డానా, తెరుచుకోదు! ఆ మధ్య మీటరు చూసేందుకు కరెంటు ఆఫీసు నుంచి ఒకాయన వచ్చాడు. మీటరు దగ్గర నిలబడి చూశాడు, చూశాడు. అది కదలదే! ఆయన మొహం పాలిపోయింది. చివరికి దాని ముక్కు దగ్గర వేలు పెట్టి ఊపిరి ఆడుతోందో లేదో చూసి, టోపీ తీసి మౌనంగా నిలబడ్డాడు. మా ఆవిడే మంచినీళ్లిచ్చి, 'పోలేదండీ, పడుకుంది' అని సర్దిచెప్పింది."

"పిన్నిగారిని ఒకసారి చూడాలండీ," అన్నాడు బ్యాంకాయన, ఇప్పుడు నవ్వుతో పాటు ఇష్టం కూడా కలిసిన గొంతుతో.

"చూద్దువుగానిలే, అదే బిల్డింగులో ఉన్నావు కదా. బాల్కనీలో ఎరువు కుండ కూడా చూడు. కూరల తొక్కలు, టీ పిప్పి, ఎండుటాకులు అన్నీ ఒక పాత కుండలో వేసి మట్టి కప్పుతుంది. కొన్నాళ్లకి నల్లటి ఎరువు తయారవుతుంది. వాసన రాదు, ఈగ వాలదు. ఆ ఎరువు బలం ఎలాంటిదో ఏం చెప్పమంటావు! ఒకసారి వంగి కుండ కదుపుతుంటే నా చొక్కా బొత్తాం తెగి అందులో పడింది. వెతికాను, దొరకలేదు. ఆ తర్వాత ఏమైందో తెలుసా?"

"బొత్తాల చెట్టు మొలిచిందా?" అన్నాడు మామ.

"బొత్తాల చెట్టు మొలిస్తే చెప్పుకోవడం ఎందుకు? చొక్కా మొలిచింది! ముందు కాలరు వచ్చింది. తర్వాత నెమ్మదిగా భుజాలు. ఒకరోజు పొద్దున లేచి చూస్తే జేబు విచ్చుకుని ఉంది!"

దర్జీ రెండు చేతులూ జోడించాడు. "బాబాయ్, నీకు దణ్ణం పెడతాను. నా పొట్ట మాత్రం కొట్టకు. ఆ కుండ గురించి ఇంకెవరికీ చెప్పకు."

"చెప్పనులే. మా ఆవిడ కూడా అదే అంది, 'దర్జీ పిల్లలు గలవాడు, ఆ చొక్కా మొక్క పీకెయ్యండి' అని. అదీ ఆవిడ మంచితనం. సరే, ఇవన్నీ ఇంటి మాటలు. అసలు సంగతి మొన్న వేసవిది."

కండక్టరు బాబాయ్ గొంతు సవరించుకుని బెంచీ మీద సర్దుకుని కూర్చున్నాడు.

"మొన్న వేసవిలో మా బిల్డింగు మోటారు కాలిపోయింది. పైన ట్యాంకు ఎండిపోయింది. కుళాయి తిప్పితే ముసలాడి దగ్గులా గాలొస్తోంది తప్ప చుక్క లేదు. జనమంతా బిందెలు పట్టుకుని పరుగులు. మా ఇంట్లో మాత్రం బాల్కనీ నిండా నీళ్లే. కడిగినవి, ఉతికినవి, జాడించినవి. బకెట్లు, డ్రమ్ములు, పాత రంగు డబ్బాలు. అడుగు పెట్టే చోటు లేదు. సరిగ్గా మిట్టమధ్యాహ్నం, కింద నుంచి కేకలు. చూస్తే పొగ! ఇదిగో, ఈ చెల్లెమ్మ గదిలోంచే."

అందరూ ఇస్త్రీ బండి వైపు తిరిగారు. ఆవిడ చేతిలో పెట్టె ఆగలేదు.

"మెట్ల కింద గది వీళ్లది. బొగ్గు నిప్పు ఎగిరి బట్టల మూట మీద పడింది. చెల్లెమ్మ ఇస్త్రీ బట్టలు ఇవ్వడానికి పక్క వీధికి వెళ్లింది. లోపల వాళ్లమ్మ, పెద్ద ముసలావిడ, మంచం దిగలేని మనిషి. గుమ్మం నిండా మంట. ఏ ఇంట్లో కుళాయి తిప్పినా గాలే. అప్పుడు మా ఆవిడ ఏం చేసిందో తెలుసా? బాల్కనీ తలుపు బార్లా తీసి, ఒక్క మాట అంది, 'పదండి!' అని. నాతో కాదు. నీళ్లతో!"

"అబ్బా!" అన్నాడు బ్యాంకాయన.

"ఆ మాట వినగానే డ్రమ్ముల్లో నీళ్లు లేచి నిలబడ్డాయి. తోసుకోలేదు, తొక్కుకోలేదు. వరసగా, రెయిలింగు పట్టుకుని మెట్లు దిగాయి. సబ్బు నీళ్లు జారతాయి కాబట్టి వాటికి దారిచ్చి మిగతావి గోడ వారగా నడిచాయి. ముందు గుమ్మంలో మంటని చుట్టుముట్టాయి. మంట అటు తిరిగితే అటు, ఇటు తిరిగితే ఇటు. ఈలోగా బియ్యం కడిగిన నీళ్లు, అవి కాస్త చిక్కగా, బలంగా ఉంటాయి కదా, మంచాన్ని ముసలమ్మతో సహా వీపున ఎత్తుకుని బయటికి తెచ్చి, ఇదిగో, ఈ బెంచీ పక్కన దింపాయి. ఆవిడ చీర కొంగు కూడా తడవలేదు! అప్పుడొచ్చింది ఫైరింజను, గంట కొట్టుకుంటూ. పైపు తీశారు, తిప్పారు, నీళ్లు లేవు. వాళ్ల పెద్దాయన సిగ్గుపడి మా ఆవిడ దగ్గరికొచ్చి, 'అమ్మా, ఒక చెంబెడు ఇప్పిస్తారా' అన్నాడు. మా ఆవిడ ఇచ్చిన చెంబుతో ఇంజను నిండి పొర్లిపోయింది! వాళ్లంతా వరసగా నిలబడి సెల్యూట్ కొట్టారు. ఇక మన నీళ్లు ఊరికే ఉన్నాయా? కుండీలకి పోసే పని ఇంకా మిగిలే ఉందని, మళ్లీ మెట్లెక్కి పైకి..."

"అన్నయ్యా, ఇక చాలు."

ఇస్త్రీ ఆవిడ పెట్టె పక్కన పెట్టేసింది. ఆవిడ అంత గట్టిగా మాట్లాడటం ఆ వీధిలో ఎవరూ ఎప్పుడూ వినలేదు.

"సంచీ కథ చెప్పండి, చొక్కా కథ చెప్పండి, నేనూ నవ్వుతాను. ఇది మాత్రం అలా చెప్పకండి. నీళ్లు మెట్లు దిగలేదు."

"ఏంటి చెల్లెమ్మా, నువ్వు అప్పుడు..."

"నేను వీధి మలుపు తిరిగేసరికి చూశాను, అంతకు ముందుది వదిన చెప్పింది. వదిన దాచిపెట్టిన నీళ్లే, అందులో అబద్ధం లేదు. ఆ నీళ్లు లేకపోతే ఇవాళ మా అమ్మ లేదు. కానీ వదిన 'పదండి' అన్నది నీళ్లతో కాదు, మీతో. ఆవిడ డ్రమ్ముల్లోంచి ముంచి అందిస్తుంటే, రెండు చేతుల్లో బకెట్లు పట్టుకుని ఆ మెట్లన్నీ దిగింది మీరు. మళ్లీ ఎక్కింది మీరు, మళ్లీ దిగింది మీరు. మోకాళ్ల నొప్పులతో ఈ టీకొట్టు దాకా రావడానికే దారిలో ఆగి నిలబడే మనిషి!"

టీకొట్టు మామ స్టవ్ మంట తగ్గించాడు.

"ఫైరింజను వచ్చిందేమో నాకు గుర్తు లేదు. వచ్చినా ఆర్పడానికి అక్కడేమీ మిగల్లేదు. చివరి బకెట్టు మీరు నెత్తిన గుమ్మరించుకుని లోపలికి దూరారు. దుప్పటి చుట్టి మా అమ్మని భుజాన వేసుకుని వచ్చారు. కొంగు తడవకపోవడమేంటి, ఇద్దరూ నిలువెల్లా తడిసిపోయి ఉన్నారు. మా అమ్మ ఇప్పటికీ అన్నం తినేటప్పుడల్లా మీరు తిన్నారో లేదో అడుగుతుంది. మీరేమో వీధి వీధంతా కూర్చోబెట్టి సొరకాయలు మాట్లాడాయని చెప్తారు, ఈ మాట ఒక్కరికి కూడా చెప్పరు!"

దర్జీ తన పక్కన ఇన్నేళ్లుగా కూర్చుంటున్న మనిషిని కొత్తగా చూశాడు. బ్యాంకాయన లేచి నిలబడి, ఎందుకు లేచాడో తనకే తెలియనట్టు మళ్లీ కూర్చున్నాడు.

కండక్టరు బాబాయ్ మాత్రం చెవుల దాకా ఎర్రబడిపోయాడు. అటు చూశాడు, ఇటు చూశాడు. ఖాళీ గ్లాసు ఎత్తి అందులో లేని టీ తాగాడు. తర్వాత ఆ గ్లాసు బెంచీ మీద పెట్టాడు.

"చెల్లెమ్మా, కోతలు కొయ్యడానికైనా ఒక హద్దుండాలమ్మా! ఈ మోకాళ్లతో నేను మంటల్లోకి దూరడమేంటి, ముసలమ్మని మొయ్యడమేంటి? ఏదైనా వినేవాళ్లు నమ్మేలా చెప్పాలి."