మంచు ముందు నిలబడ్డ సిల్వెస్ట్రో

ఆ సమాధి మీద మొహం లేదేమని అడిగావా? కాపురానికొచ్చి నెల కాలేదు, అప్పుడే పట్టేశావు. మా మనవడు చెప్పలేదా? వాడేం చెబుతాడులే, వాడికి మోటారుసైకిలు తప్ప ఇంకోటి పట్టదు. కూచో పిల్లా, ఆ కుర్చీ కాదు, దాని కాలు ఊగుతుంది, ఇలా పొయ్యి పక్కకి రా. నేను సంకటి కలుపుతూ చెబుతాను, ఆపితే అడుగంటుతుంది. అది సిల్వెస్ట్రోది. ఇక్కడ అందరి సమాధుల మీదా పింగాణీ బిళ్ళలో మొహం ఉంటుంది కదా, మీ తాతయ్యది చూశావుగా, మీసాలతో. సిల్వెస్ట్రో బిళ్ళ మీద మాత్రం పైనున్న మంచు, అంతే. మనిషి లేడనుకుంటారు. ఉన్నాడు.

సిల్వెస్ట్రో మా పక్కింటి ఓర్సోలా మొగుడు. అడవిలో దుంగలు కొట్టేవాడు. దూలమంత మనిషి, ఏ ఇంటికెళ్ళినా గుమ్మానికి దణ్ణం పెడుతున్నట్టు వంగి రావాల్సిందే. ఒక కంట్లో పువ్వు. అందుకే పటాలానికి వద్దన్నారు, బతికిపోయాడు. సరే, కింద సోండ్రియో పట్నం నుంచి గాస్పరే గారని ఫోటోలాయన ఏటా వేసవిలో వచ్చేవాడు, మన కొండమీద ఏళ్ళతరబడి కరగకుండా పేరుకున్న పాతమంచుని ఫోటోలు తీయడానికి. ఊళ్ళో ఎవరూ దాని వంక చూసేవాళ్ళు కాదు. మేత లేదు, కట్టె లేదు, దాంతో మాకేం పని? ఈయన మాత్రం దానికేదో పెళ్ళిచూపులన్నట్టు తిరిగి తిరిగి చూసేవాడు. 'ఒట్టి మంచు తీస్తే ఎంత పెద్దదో తెలీదయ్యా, నువ్వెళ్ళి దాని కింద నిలబడు' అని సిల్వెస్ట్రోని పట్టుకున్నాడు. అదే పని. వెళ్ళి నిలబడటం. మా మామగారు ఊరుకునే మనిషి కాదు, 'ఏరా, నిలబడ్డానికి కూడా కూలిస్తున్నారట, మా గాడిద ఖాళీగానే ఉంది, ఓ మాట చెప్పిపెట్టు' అన్నాడు. సిల్వెస్ట్రో నవ్వలేదు, కోప్పడలేదు. 'గాడిద కదులుతుంది మావా' అన్నాడు.

నిజమే మరి, కదలకూడదు. మబ్బు తప్పుకోవాలి, ఎండ ఏటవాలుగా పడాలి, అప్పుడుగాని మంచు లోపలి నీలం బయటికి రాదట. ఆ రోజుల్లో ఫోటోల్లో నలుపూ తెలుపే కదా, నీలం ఎలా వస్తుందని అడిగితే గాస్పరే గారు, 'రాదు, కానీ అది ఉన్నప్పుడు తీసిన ఫోటో వేరుగా ఉంటుంది' అనేవాడు. ఆయన గోల ఆయనది. అలా ఏటేటా నిలబడీ నిలబడీ సిల్వెస్ట్రోకీ పట్టుకుంది ఆ పిచ్చి. ఫోటో అయిపోయినా వచ్చేవాడు కాదట, మంచు గోడకి చెవి ఆనించి వినేవాడట. ఒకసారి పాలక్యానులో ఓ గడ్డ తెచ్చి నీళ్ళలో వేశాడు, నేనూ విన్నాను, వేడి నూనెలో ఆవాలు వేసినట్టు చిటపటలాడింది. 'అందులో పాత గాలుందే, మన తాతల తాతలు పీల్చింది' అన్నాడు. ఓర్సోలా, 'గాలి తెచ్చావు సరే, కట్టెలేవీ?' అంది.

ఎక్కడున్నాను? ఆఁ, గడ్డి గొడవ చెప్పాలి. ఒక ఏడు వాళ్ళు కోసిన గడ్డంతా నేలమీదే ఉంది, పడమట మబ్బు లేస్తోంది, సిల్వెస్ట్రో లేడు. ఓర్సోలా గడ్డి ఎత్తే పంగలకర్ర చేతిలో ఉండగానే కొండెక్కింది. చంపేస్తుందనే అనుకున్నాం. ఆ కొండ కిందే పుట్టిందా, పైకెళ్ళడం అదే మొదటిసారి. తర్వాత తొట్టి దగ్గర బట్టలుతుకుతూ చెప్పింది నాకు. మంచు అడుగున గుహలా నోరు తెరుచుకుని ఉందట, లోపల నీలమట, ఆకాశం రంగు కాదట, ఇంకెక్కడా చూడని నీలమట. గోడలో ఎప్పటిదో ఇసుక చారలు చారలుగా ఉందట, కట్టిన చీజు కోస్తే కనపడే పొరల్లాగా. 'తిట్టడానికి నోరు తెరిచాను, ఏం తిట్టాలో మర్చిపోయాను' అంది. గాస్పరే గారు దూరం నుంచి, 'అమ్మా, మీరూ ఆయన పక్కన నిలబడండి' అని కేకేశాడట. నిలబడింది. గడ్డి తడిసిపోయింది. ఆ శీతాకాలం వాళ్ళ ఆవుని మా కొట్టంలో కట్టి మేపాం. ఆ సంగతి ఎప్పుడూ ఎత్తలేదులే.

ఆ తర్వాత చాన్నాళ్ళకి, చలికాలంలో దుంగలు దింపుతుంటే ఒకటి జారి సిల్వెస్ట్రో మీదికొచ్చింది. అంతే, అక్కడికక్కడే. బిళ్ళకి ఫోటో కావాలి కదా, పెళ్ళికి తీయించుకోలేదు, పటాలం ఫోటో లేదు. గాస్పరే గారు ఫోటోలు తీసిన గాజుపలకలన్నీ పెట్టెల్లో మోయించుకొచ్చాడు. ఇదిగో ఈ బల్లంత బల్ల మీద పరిచి, భూతద్దం పెట్టి ఒక్కొక్కటే చూశాం. అన్నిట్లోనూ చీమంత మనిషి. టోపీ ఉంది, టోపీ కింద మసక. గాస్పరే గారు భూతద్దం కింద పెట్టేసి, 'ఇన్నేళ్ళూ మనిషిని ఎదురుగా పెట్టుకుని మొహం తీయలేదు నేను' అన్నాడు. సిల్వెస్ట్రో వాళ్ళన్న ఫోటో చూసి మొహం దిద్దించి ఇస్తానన్నాడు. ఓర్సోలా, 'ఆ మొహం ఎదురింట్లో రోజూ చూస్తున్నానుగా' అని, గుహ దగ్గరి పలక తీసి ఆయన చేతిలో పెట్టింది. 'ఇది వేయించండి.' పాదిరిగారు ఒప్పుకోలేదు, 'సమాధి మీద మనిషుండాలి తల్లీ, కొండ కాదు' అన్నాడు. 'ఉన్నాడు స్వామీ, దగ్గరికెళ్ళి చూడండి' అంది. ఆయన దగ్గరికెళ్ళి వంగి చాలాసేపే చూశాడు. బిళ్ళ పెట్టుకోనిచ్చాడు.

ఇప్పుడు పైన ఆ గుహా లేదు, మంచూ లేదు, రాళ్ళే. ఎవరో చదువుకున్న కుర్రాళ్ళు మంచు ఎంత కరిగిందో కొలవాలని వచ్చి ఆ బిళ్ళని ఫోటో తీసుకుపోయారు. ఓర్సోలా పోయినప్పుడు పిల్లలు వేరే బిళ్ళ పెట్టించలేదు, కింద పేరు మాత్రం చెక్కించారు. ఇద్దరూ అందులోనే ఉన్నారుగా. గుహ నోటి దగ్గర రెండు చుక్కలు. పొడుగుది ఆయన అనుకుంటావేమో, ఆవిడ బండ మీద నిలబడింది, సమానంగానే ఉంటాయి. రేపు వెళ్ళి చూడు, ఎడమ పక్కది ఓర్సోలా. ఆవిడే చూపించింది, ఇలా వేలు పెట్టి, ఇది నేనూ, ఇది… కాదు. ఆగు. కుడిది…

పళ్ళేలు తియ్యి.