కుట్లు కనపడని ఆపరేషన్

"అమ్మమ్మా, వాణత్తకి అప్పట్లో పొట్ట కొయ్యకుండానే ఆపరేషన్ చేయించావంటగా, నిజమేనా?"

నిజమేనా ఏంటే, నే చెప్పేదాంట్లో అబద్ధం ఎప్పుడుంది? కాస్త పెద్దది చేసి చెప్తా, అంతే. ఇటు జరిగి కూర్చో.

ఆ రోజుల్లో మన జగ్గయ్యపేట మొత్తానికి గర్భసంచి ఉన్న ఆడది నేనొక్కదాన్నే. నవ్వుతావేం? సరే, నేనూ, ఎదురింటి చంటిపిల్లా. నడుం నొప్పా, తీయించెయ్. మైలబట్ట ఎక్కువా, తీయించెయ్. మిరపకోతలు దగ్గర పడ్డాయా, ఈలోపే తీయించెయ్. నందిగామలో ఓ నర్సింగ్‌హోముండేది, పేరెందుకులే. వేదాద్రిలో తలనీలాలిచ్చినంత తేలిగ్గా ఇచ్చొచ్చేవాళ్ళు. జుట్టయితే మళ్ళీ మొలిచేది.

అట్లాంటప్పుడు మీ వాణత్తకి, అదే మా చిన్నకోడలికి, రక్తం పోవడం మొదలైంది. సాగర్ గేట్లన్నీ ఎత్తినట్టే అనుకో. పెళ్ళయి మూడేళ్ళు, ఇంకా కడుపు పండలేదు. పిల్ల సున్నం కొట్టిన గోడలా అయిపోయింది. మా ఆడపడుచు నరసమ్మ నందిగామ నుంచి దిగింది. తన ఇద్దరు కూతుళ్ళకీ, తోడికోడలికీ దగ్గరుండి తీయించిన చెయ్యి అది.

"వదినా, సోమవారం తీసుకురా, మాట్లాడేశా" అంది.

"మరి పిల్లలో?" అన్నా.

"ఎవర్నో ఒకర్ని పెంచుకుంటార్లే" అంది, కుక్కపిల్లని అన్నట్టు.

అది కాఫీకి లేవగానే వాణి నా కొంగు పట్టుకుంది. "నన్నక్కడికి పంపొద్దు అత్తయ్యా" అంది.

శనివారం పొద్దున్నే, పరిటాల ఆంజనేయస్వామిని చూసొస్తామని చెప్పి పిల్లని బెజవాడ బస్సెక్కించా. చూశాంలే, బస్సు కిటికీలోంచి. ఆయనంతెత్తు మరి. బెజవాడలో డాక్టరమ్మ స్కానింగ్ చూసి, సన్న గొట్టానికి కెమెరా ఉంటుంది, కింది దారినే లోపలికి పంపి చూస్తా, పైన కోతుండదు అంది. మత్తిచ్చి చూస్తే చిక్కుడుగింజంత కండ పెరిగుందంట. ఆ గొట్టంలోంచే కత్తిరించి తీసేసి, ముక్కని పరీక్షకి పంపింది. వారానికి రిపోర్టొచ్చింది, క్యాన్సరూ లేదు గీన్సరూ లేదు. లోపలంతా ఆ రోజే నాకు టీవీలో చూపించింది, లేత గులాబీరంగు గది. మా పెంకుటింటికన్నా శుభ్రంగా ఉంది. ఇంత మంచి గదినా ఈ నరసమ్మ పడగొట్టమంది అనుకున్నా.

మర్నాడు వాణి నడుచుకుంటూ ఇంటికొచ్చింది. అసలు చిక్కు అప్పుడొచ్చింది. బ్రెడ్డు ప్యాకెట్లూ బత్తాయిలూ పట్టుకుని వీధంతా పలకరింపుకి దిగింది. మన దగ్గర ఆపరేషనంటే చీర పక్కకి తీసి కుట్లు చూపించాలి గదా. వాళ్ళూ వాళ్ళవి చూపిస్తారు, నీది నిలువా, నాది అడ్డం అని. అదో మర్యాద. వాణి పొట్ట మీద గీత కూడా లేదు. బత్తాయిలు దండగయినట్టు చూశారు. ఆపరేషనూ లేదు ఏమీ లేదు, ఊరికే మోసపోయొచ్చారని నందిగామకి కబురెళ్ళింది.

పిల్లని నందిగామ తీసుకుపోడానికి నరసమ్మ జీపేసుకుని బయల్దేరిందని తెలిసి, మా చిన్నాడు కూడా చెప్పులేసుకుని తయారు. అమ్మ మాటా వింటాడు, మేనత్త మాటా వింటాడు, పెళ్ళాం మాటే వినబడదు వాడికి. నేను వాణిని వంటింట్లోకి లాక్కెళ్ళి, మీ తాత పంచె నడుముకి బిగించి చుట్టి, వంగి నడువు, మూలుగు అన్నా.

"ఏవీ కుట్లు?" అంది నరసమ్మ.

"లోపల్నించి కుట్టారు. కట్టు విప్పితే ఊడతాయంది డాక్టరమ్మ. ఊడితే నువ్వు కుడతావా?" అన్నా.

వాణి నే చెప్పినదానికన్నా గట్టిగా మూలిగింది, నాకే భయమేసింది. నరసమ్మ జీపు ఉత్తదే వెనక్కెళ్ళింది. మావాడు చెప్పులు విప్పాడు. తర్వాత సంగతి నీకు తెలిసిందేగా, నీకు ఐస్‌క్రీం మిగల్చకుండా తినే ఆ బన్నీగాడు పుట్టాడు.

ఇంకేముంది, బత్తాయిలు తెచ్చినోళ్ళే దొడ్డిగుమ్మంలోంచొచ్చి డాక్టరమ్మ అడ్రసు అడిగారు. ఆఖర్న నరసమ్మ చిన్నకూతురు సుజాత వచ్చింది. పాతికేళ్ళుంటాయేమో అప్పటికి. గుమ్మంలోనే నిలబడింది.

"అత్తా, ఆ గొట్టంలోంచి తీసినట్టే... మళ్ళీ పెట్టడానికి కూడా అవుద్దా?" అంది.

చెయ్యి పట్టుకుని లోపలికి తీసుకొచ్చా. కూర్చోబెట్టి పెసరట్టు పోశా. తింది. ఇంకోటి పోశా, అదీ తింది...

సరే పద, దీపం పెట్టాలి. నీ ఒంట్లోది ఏదైనా సరే, నువ్వు తెలిసి ఇస్తే తప్ప పోకూడదు తల్లీ. నిండుగా ఉండు.