నా మిషన్‌లో బాగానే అవుతోంది

నా పదవీ విరమణ సభకు అధ్యక్షత వహిస్తున్న మా ప్రిన్సిపాల్ జ్ఞానేశ్వర్ గారికి, వేదిక మీది పెద్దలకు, మధ్యాహ్నం పూట అంగళ్లు మూసుకుని వచ్చిన డోన్ వర్తకులకు, ఇరవై తొమ్మిదేళ్లు నన్ను భరించిన పాలిటెక్నిక్ సిబ్బందికి, విద్యార్థులకు నమస్కారం. శాలువా తీసి పక్కన పెడుతున్నాను, ఎవరూ తప్పుగా అనుకోవద్దు. ఇది ఏప్రిల్ నెల. (నవ్వులు)

ఇప్పటిదాకా మాట్లాడిన ఐదుగురూ ఈ పెద్దసుబ్బయ్య చెయ్యి పడితే ఎంతటి కంప్యూటరైనా బాగవుతుందని చెప్పారు. నేను ల్యాబ్ టెక్నీషియన్ని, అది జీతానికి చేసిన పని. జీతం లేకుండా ఏడేళ్లుగా చేస్తున్న పని ఇంకొకటి ఉంది. దాని గురించి ఈ రోజు చెప్పక తప్పదు. ఎందుకంటే నా గదిలోని కంప్యూటరును సోమవారం పూర్తిగా తుడిచి ఆఫీసుకు ఇస్తామని ప్రిన్సిపాల్ గారు ఇందాక సంతోషంగా ప్రకటించారు.

లినక్స్ అనే ఆపరేటింగ్ సిస్టమ్ ఉంది, ఎవరైనా ఉచితంగా తీసుకోవచ్చు. అందులో పాత డాట్ మ్యాట్రిక్స్ ప్రింటర్ల మీద తెలుగు అచ్చయ్యేలా చేసే ఒక చిన్న ప్రోగ్రాం ఉంది, అది నేను రాసినది. రాసి ఊరుకుంటే సరిపోదు. ప్రోగ్రాం రాత అంతా, దాన్ని ఏ వరుసలో తయారు చేయాలో చెప్పే సూచనలతో సహా, ఒకచోట పెట్టి లోకానికి ఇవ్వాలి. దాన్ని సోర్సు ప్యాకేజీ అంటారు. నేను లేకపోయినా, నన్ను అడగకపోయినా, ఎక్కడో ఒకరు దాన్ని విప్పి తమ మిషన్‌లో మొదటినుంచీ తయారు చేసుకోగలగాలి. దాని ప్రయోజనమంతా అదే.

ఈ మాట నాకు తెలుసు. ఏడేళ్లుగా నలుగురికీ చెబుతూనే ఉన్నాను. వినేవాళ్లు లేరు. ముందు వరుసలో ఉన్న రాజ్యలక్ష్మమ్మ గారు తమ విత్తనాల దుకాణంలో బిల్లులన్నీ, నా మిషన్‌లో తయారు చేసి నేనే ఎక్కించి ఇచ్చిన ఈ ప్రోగ్రాంతోనే వేస్తారు. వారానికొకసారి ఫోను చేస్తారు. "సారూ, మీ పోగ్రాం నిలిచిపోయిండాది" అంటారు. తెర మీద ఏం పడిందమ్మా అని అడిగితే, "ఏందో ఇంగ్లీషు పడినాది, మూసేసినా" అంటారు. (నవ్వులు) అమ్మా, ఆ ఇంగ్లీషు నేను రాసిందే. ఏం తప్పు జరిగిందో అందులో ఉంటుంది. ఈ జిల్లాలో దాన్ని చదివి మూసిన మనిషి నాకు ఇంతవరకూ తగల్లేదు.

మీరు నవ్వుతున్నారు. అయితే నేను చేసింది ఇంతకంటే పెద్ద తప్పు. రెండేళ్ల కింద, మళ్లీ పోయిన సంవత్సరం, ఎవరో విదేశీయుడు, అన్ని ప్యాకేజీలనూ వరుసగా తయారు చేసి పరీక్షించేవాడు, మీది తయారు కావడం లేదని నాకు రాశాడు. రెండుసార్లూ నా మిషన్‌లో బాగానే అవుతోందని ఒక్క ముక్క జవాబు రాసి, ఫిర్యాదును మూసేశాను. ఏం పడిందో చదవలేదు.

ఈ ఫిబ్రవరిలో కోయిలకుంట్ల దగ్గర మిషనరీ స్కూల్లో పాఠాలు చెప్పే కృపమణి గారు అదే రాశారు. చుట్టుపక్కల ఆరు స్కూళ్ల తెలుగు ప్రశ్నపత్రాలు ఆమె ఒక పాత ప్రింటరు మీద తీస్తారు. ఆమెకూ అదే జవాబు ఇచ్చాను. నాలుగుసార్లు ఇచ్చాను. ఐదోసారి ఆమె రాయలేదు. సీపీయూను దుప్పట్లో చుట్టి, ఒళ్లో పెట్టుకుని, రెండు బస్సులు మారి నా గదికే వచ్చారు. నేను మీ కంప్యూటరులోనే ఏదో తేడా ఉంది అన్నాను. అప్పుడు ఆమె అన్న మాట ఇది: "మీ మిషన్లో అవుతాది సార్, నాకు తెలుసు. ఏమీ లేని మిషన్లో చేసి చూడండి. రేపు మీరు రిటైరైతే మీ మిషన్‌ను మేము యాడ తెచ్చుకునేది?"

నాకు కోపం వచ్చింది. ఆమె ఎదుటే ఖాళీ డిస్కు పెట్టి మొదలుపెట్టాను. నాలుగు నిమిషాల్లో ఆగిపోయింది. అక్షరాల కింద ఒత్తులు ఎక్కడ పడాలో చెప్పే పట్టిక ఒకటి, మొదట్లో నేనే చేత్తో తయారు చేసి నా మిషన్‌లో ఒక మూల పెట్టుకున్నాను. దాన్ని ప్యాకేజీలో పెట్టడం మరిచాను. అంటే ఏడేళ్లుగా లోకానికి ఇచ్చానని నేను చెప్పుకున్నది నా గది దాటి పోనేలేదు.

లినక్స్ కొత్త విడుదలకు మంగళవారం ఆఖరు. ఆలోపు ఇంకొకరి మిషన్‌లో తయారు కాకపోతే ఈ ప్యాకేజీని తీసేస్తారు. ఆ తర్వాత కొత్తగా లినక్స్ వేసుకునే ఏ స్కూలుకూ అది దొరకదు.

అందుకని ప్యాకేజీ బాధ్యుడి పేరు ఉండేచోట నా పేరు తీసి కృపమణి గారి పేరు పెట్టాను. ఆమె ఒప్పుకున్నారు, ఒక షరతు మీద. నేను ఫోనులో ఏమీ చెప్పకూడదట. "ఫోన్లో చెప్తే అది మళ్లా మీ తలకాయలోనే ఉంటాది సార్, ప్యాకేజీలో పెట్టండి" అన్నారు. ఆరు పేజీల సూచనలు రాసి పట్టికతో సహా లోపల పెట్టి పంపాను. ఆమె ఈ సభకు రాలేదు. బనగానపల్లెలో ఒక ఇంటర్నెట్ సెంటర్లో కూర్చుని, ఖాళీ మిషన్‌లో నా కాగితం చూస్తూ తయారు చేస్తున్నారు. పొద్దున ఆమె ఈమెయిల్ వచ్చింది. మూడో పేజీలో ఆగిపోయిందట. తెర మీద పడిన ఇంగ్లీషు అంతా ఒక్క ముక్క వదలకుండా ఎత్తి రాసి పంపారు. ఈసారి చదివాను. ఇంకో ఫైలు కూడా నా మిషన్‌లోనే ఉండిపోయింది.

సార్, జ్ఞానేశ్వర్ గారూ, సోమవారం తుడవడం ఆపమని నేను అడగను. అది ఉంటే నేను మళ్లీ దాన్నే నమ్ముకుంటాను. తుడవండి. కానీ పొద్దున చార్జి అప్పగించేటప్పుడు ల్యాబ్ తాళం చెవి మీ చేతికిచ్చాను. ఆ మిగిలిన ఫైలును ప్యాకేజీలో పెట్టి పంపడానికి అది నాకు ఒక గంట కావాలి, ఇప్పుడే. మీరంతా భోజనాలకు లేవండి, నాకోసం ఆగవద్దు. ఇంత ఎండలో వచ్చి కూర్చున్నందుకు అందరికీ కృతజ్ఞతలు. సెలవు.